10 డిగ్రీలకు రేటు రెట్టింపు అంటారు, ఢీకొట్టుకోవడాలు చూస్తే 2 శాతం కూడా పెరగట్లేదు. మిగతాది ఎక్కడ్నుంచి వస్తోంది?

తుంగభద్ర_ఒడ్డు:

అందరికీ నమస్తే. మాది కర్నూలు, ఇంటర్ సెకండ్ ఇయర్ ఎంపీసీ. కెమికల్ కైనెటిక్స్‌లో (చర్యలు ఎంత వేగంగా జరుగుతాయో చెప్పే పాఠం) ఒక డౌటు వారం రోజులుగా బుర్ర తినేస్తోంది, ఎవరైనా తీరుస్తారేమోనని ఇక్కడ పెడుతున్నాను.

మా నోట్సులో ఇలా ఉంది. ఉష్ణోగ్రత పెరిగితే అణువులు వేగంగా కదులుతాయి, ఎక్కువసార్లు ఢీకొంటాయి, అందుకే చర్య వేగం పెరుగుతుంది. దాని కింది లైన్లోనే, 10 డిగ్రీలు పెరిగితే చర్యా రేటు సుమారు రెట్టింపు అవుతుంది అని ఉంది. సరే చూద్దామని నేనే లెక్క వేశాను. వాయువులో అణువుల సగటు వేగం కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలంతో పాటు పెరుగుతుంది కదా. 300 కెల్విన్ నుంచి 310కి పోతే, 310 బై 300కి వర్గమూలం 1.0165 వచ్చింది. అంటే వేగం పెరిగింది 1.65 శాతం. డబ్బా సైజు మారకపోతే ఢీకొట్టుకోవడాలు కూడా అంతే పెరగాలి. రేటు మాత్రం 100 శాతం పెరిగిందంటున్నారు. మిగతా 98 ఎవరిచ్చారు?

కాలేజీలో అడిగితే "అభిఘాతాలు (అంటే ఢీకొట్టుకోవడాలే) పెరుగుతాయి అని రాసేయ్, మార్కులు పడతాయి, ఇవన్నీ నీకెందుకు" అన్నారు. మార్కులు పడతాయి సరే, నాకు నిద్ర పట్టాలి కదా.

ఇంకో డౌటు కూడా ఉంది. గాలిలో ఒక్కో అణువు సెకనుకి వందల కోట్ల సార్లు ఢీకొంటుందని చదివాను. మా మిద్దె మీద పాత పేపర్ల కట్ట ఒకటి మే నెలంతా 44 డిగ్రీల ఎండలో పడి ఉంటుంది. ఆక్సిజన్ అణువులు దాన్ని అన్ని కోట్ల సార్లు కొడుతున్నా అది ఎందుకు అంటుకోదు?

గోలీసోడా:

అంటుకుంటే కర్నూల్లో ఒక్క ఇల్లు మిగలదు చెల్లెమ్మా, అదొక్కటే మనకు దేవుడు చేసిన మేలు.

జోకు పక్కన పెడితే, నాకు అర్థమైంది నేను చెబుతా. పెళ్ళి సంబంధాల లాంటిదే ఇది. మా అక్కకు ఎన్ని సంబంధాలు చూశారో లెక్కే లేదు, వచ్చినవాళ్ళంతా ఉప్మా తిని పోయినారు, కుదిరింది ఒక్కటి. చూడటం వేరు, కుదరడం వేరు. అణువులు కూడా అంతే, కోట్ల సార్లు కలుస్తాయి, కుదిరేది ఎక్కడో ఒకటి. మిగతా లెక్కలు పెద్దవాళ్ళు చెబుతారు.

అనంతపురం_పాత_లెక్చరర్:

తల్లీ, నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఫిజికల్ కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ముందుగా ఒక మాట, నీ లెక్క తప్పు కాదు. నీ నోట్సే సగం చెప్పి ఊరుకుంది.

నీకు వచ్చిన డౌటే 1889లో స్వీడన్ వాడు అర్హీనియస్‌కి వచ్చింది. చెరకు చక్కెరను ఆమ్లం కలిపిన నీళ్ళలో ఉంచితే అది మెల్లగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. వేడి పెంచేకొద్దీ ఆ విడిపోవడం ఎంత జోరందుకుంటోందో చూశాక, అణువుల వేగం పెరగడం ఒక్కటే కారణమైతే ఇంత తేడా రాదని ఆయన అప్పుడే అన్నాడు. కాబట్టి చక్కెర అణువులన్నీ ఒక్క తీరుగా లేవని, వాటిలో చర్యకు సిద్ధంగా ఉండే చురుకైనవి చాలా కొద్దిగా ఉంటాయని, వేడి చేస్తే పెరిగేది ఆ కొద్ది వాటి సంఖ్యేనని ఊహించాడు. మీ పుస్తకంలో ఆయన పేరుతో ఉన్న సమీకరణం ఇక్కడి నుంచే వచ్చింది.

ఢీకొనడం లెక్కలోకి ఆ తర్వాత వచ్చింది. 1916లో జర్మనీలో ట్రౌట్జ్, 1918లో ఇంగ్లండులో లూయిస్, ఇద్దరూ ఎవరికి వారే అభిఘాత సిద్ధాంతాన్ని కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి, ఇక్కడి పత్రిక అక్కడికి చేరేది కాదు, అందుకే ఒకరి పని ఇంకొకరికి తెలియలేదు.

ఇప్పుడు నీ 98 శాతం సంగతి. ఒకే గదిలో ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా అణువులన్నిటికీ ఒకే వేగం ఉండదు. కొన్ని నెమ్మదిగా, చాలావరకు మధ్యస్తంగా, ఏ కొన్నో విపరీతమైన వేగంతో పోతుంటాయి. మీ క్లాసులో సగటు మార్కు 60 అనుకో. ఈసారి పేపరు కాస్త తేలికై సగటు 61 అయింది. సగటు చూస్తే పెరిగింది ఏముంది? కానీ 95 దాటినవాళ్ళు ముగ్గురు ఉండేచోట ఆరుగురు అయి ఉండొచ్చు. సీటు వచ్చేది 95 దాటినవాళ్ళకే అయినప్పుడు సగటుతో మనకేం పని, ఆ చివర ఉన్న నలుగురైదుగురి లెక్కే చూడాలి.

ఆ 95 లాంటి గీతే యాక్టివేషన్ ఎనర్జీ. తెలుగు మీడియం పుస్తకాల్లో ఉత్తేజన శక్తి అంటారు. అంతకన్నా ఎక్కువ శక్తితో జరిగే ఢీ ఎంత వంతు ఉంటుందో చెప్పేది ఆ అర్హీనియస్ సమీకరణంలో e పవర్ మైనస్ Ea/RT అని ఉండే ఎక్స్‌పొనెన్షియల్ ముక్క. Ea యాక్టివేషన్ ఎనర్జీ, R వాయు స్థిరాంకం 8.314, T కెల్విన్‌లో ఉష్ణోగ్రత. కాలిక్యులేటర్ తీసి నాతో పాటు వెయ్యి. యాక్టివేషన్ ఎనర్జీ మోలుకి 50 కిలోజౌల్స్ అనుకుందాం. 50,000ని 8.314తో, 300తో భాగిస్తే 20.05 వస్తుంది. దాని మైనస్‌కి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే వంద కోట్ల ఢీలలో సుమారు 2. 310 కెల్విన్ దగ్గర అదే లెక్క వేస్తే వంద కోట్లలో 3.75. 2 కాస్తా 3.75 అయింది చూడు. దానికి నువ్వు కనిపెట్టిన 1.65 శాతం కూడా కలిపితే సుమారు రెట్టింపు. వచ్చిందంతా ఆ చివరి నలుగురి దగ్గర్నుంచే.

ఇంకొక సంగతి, ఈ రెట్టింపు అన్నది అన్ని చర్యలకూ వర్తించే శాసనం కాదు. 50 కిలోజౌల్స్ చుట్టుపక్కల ఉన్నవాటికి, మన గది ఉష్ణోగ్రత దగ్గర, సరిపోయే మాట అంతే. 100 కిలోజౌల్స్ ఉన్న చర్యకి అదే 10 డిగ్రీలకు 3.6 రెట్లు పెరుగుతుంది. 25 ఉన్నదానికి 1.4 రెట్లే. యాక్టివేషన్ ఎనర్జీని దాటాల్సిన గోడ అనుకో, ఆ గోడ ఎంత ఎత్తుగా ఉంటే వేడికి అంత ఎక్కువగా స్పందిస్తుంది. పిల్లలు దీన్ని తలకిందులుగా రాస్తుంటారు, దిద్దీ దిద్దీ నా చేతులు అరిగిపోయినాయి.

తుంగభద్ర_ఒడ్డు:

సార్, వేశాను, అచ్చం అంతే వచ్చింది! మార్కుల ఉదాహరణతో ఒక్కసారిగా తెలిసిపోయింది. వంద కోట్లలో 2 అంటే ఏమీ లేనట్టే కదా, మరి అసలు చర్య జరుగుతుందెలా?

అనంతపురం_పాత_లెక్చరర్:

ఏమీ లేనట్టు అనిపిస్తుంది గానీ అవతలి సంఖ్య కూడా చూడు. మనం పీల్చే గాలిలో నైట్రోజన్ అణువు సెకనుకి సుమారు 470 మీటర్ల వేగంతో పోతుంది, గంటకి 1700 కిలోమీటర్ల దగ్గర. కానీ ఒక మిల్లీమీటరులో పదివేలో వంతు దూరం కూడా పోకముందే ఇంకోదానికి తగులుకుంటుంది. సెకనుకి సుమారు 700 కోట్ల ఢీలు. (అంత వేగం ఉంటే ఇంటి ముందు పందిట్లో విరిసిన మల్లెల వాసన క్షణంలో వీధి చివరికి ఎందుకు చేరదని అడిగినవాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారు. 1858లో క్లాసియస్ చెప్పిన జవాబు ఇదే, అడుగడుక్కీ తగులుకుంటూ పోతుంటే ఎక్కడ చేరుతుంది అని.)

ఇప్పుడు ఈ 700 కోట్లని పెట్టి అసలైన తమాషా చూడు. 50 కిలోజౌల్స్ గోడ ఉంటే సెకనుకి ఫలించే ఢీలు సుమారు 14. అంటే ఒక అణువు సగటున 0.07 సెకను ఆగితే చాలు, పని అయిపోతుంది. గోడని 100 చెయ్యి. రెండింతలే కదా చేశాం. ఇప్పుడు అదే అణువు సగటున 14 నెలలు ఆగాలి. 150 చెయ్యి, సుమారు 60 కోట్ల ఏళ్ళు. ఉష్ణోగ్రత అదే, ఢీలు అవే 700 కోట్లు, ఒక్కటి కూడా తగ్గలేదు. మీ మిద్దె మీది పేపర్ల కట్ట ఎందుకు అంటుకోదో ఇప్పుడు నువ్వే చెప్పు.

ఇందులో ఏ ముఖంతో తగిలింది అన్నది నేను కలపలేదు, అందుకే ఇది చాలా ఉదారమైన లెక్క. నిజంలో ఇంకా ఆలస్యం.

గోలీసోడా:

14 నెలలు, 60 కోట్ల ఏళ్ళు... సార్, మా అక్క సంబంధం ఏ గోడ కిందికి వస్తుందో కొంచెం చూసి చెప్పండి.

కడప_ఫార్మసీ:

గోలీసోడా అన్నా, నీ పెళ్ళి సంబంధాల పోలికతో నాకొక పేచీ ఉంది. పెళ్ళిచూపుల్లో వాళ్ళు ఎంచుకుంటారు, వద్దంటారు. అణువులకు ఇష్టాయిష్టాలు లేవు. పైగా ఒకసారి కుదరని సంబంధం మళ్ళీ రాదు, అణువులు మాత్రం అవే అవే మళ్ళీ మళ్ళీ తగులుకుంటూ ఉంటాయి. గోలీలాట ఇంకొంచెం దగ్గరగా ఉంటుందేమో. ఎంత గట్టిగా కొట్టావు, ఏ వైపు తగిలింది, ఈ రెండే లెక్క.

ఆ రెండోదాని గురించి చెబుతా, సార్ వదిలేసింది అదే. గట్టిగా తగిలినంత మాత్రాన చాలదు, తగలాల్సిన చోట తగలాలి. సెకండ్ ఇయర్‌లో మిథైల్ బ్రోమైడ్, హైడ్రాక్సైడ్ కలిసి మిథనాల్ వచ్చే చర్య ఉంటుంది చూడు. బ్రోమిన్ ఉన్న వైపు నుంచి హైడ్రాక్సైడ్ వచ్చి గుద్దితే ఏమీ కాదు, వెనక్కి పోతుంది. బ్రోమిన్‌కి సరిగ్గా ఎదురు వైపు నుంచి కార్బన్‌ని తాకితేనే ఇటు కొత్త బంధం పడుతూ అటు పాత బంధం తెగుతుంది. దీన్నే ఓరియెంటేషన్ అంటారు, లెక్కలో స్టెరిక్ ఫ్యాక్టర్ అని ఒక గుణకం పెడతారు. హైడ్రోజన్, ఇథిలీన్ కలిసి ఈథేన్ అయ్యే చర్యకి ఆ గుణకం 0.0000017. అంటే శక్తి సరిపోయిన ఢీలలో కూడా పది లక్షలకి రెండు కూడా పనికిరావు.

నేను డి.ఫార్మసీ చదివేటప్పుడు ఈ గుణకం ఎప్పుడూ 1 కన్నా తక్కువే అని బట్టీ పట్టాను. తర్వాత తెలిసింది, కాదు. పొటాషియం పరమాణువు, బ్రోమిన్ అణువు మధ్య చర్యకి అది 4.8. తగలకముందే చర్య జరిగిపోతోందా అన్నట్టు!

అనంతపురం_పాత_లెక్చరర్:

శభాష్ అమ్మా, అది అడిగేవాళ్ళే లేరు ఈ మధ్య. నిజంగానే తగలకముందే మొదలవుతుంది. పొటాషియంకి బయటి ఎలక్ట్రాన్ అంటే లెక్కలేదు, బ్రోమిన్‌కి అదంటే ప్రాణం. ఇంకా దూరంగా ఉండగానే పొటాషియం తన ఎలక్ట్రాన్‌ని అటు విసిరేస్తుంది. విసిరాక ఇది ప్లస్, అది మైనస్. గాలానికి చేప తగిలినట్టే ఇక, తీగ పట్టి లాగేసుకుంటుంది. మామూలుగా రెండు బంతులు తగిలేంత దూరం అని మనం వేసుకున్న లెక్క కన్నా చాలా దూరం నుంచే పట్టుబడుతుంది కాబట్టి గుణకం 1 దాటుతుంది. దీని వెనక ఆలోచన మైఖేల్ పొలాన్యీది. ఆయన కొడుకు జాన్ పొలాన్యీ, ఇంకా హెర్ష్‌బాక్, యువాన్ లీ, ఈ ముగ్గురికీ 1986లో నోబెల్ వచ్చింది, అణువుల ఢీలని ఒక్కొక్కటిగా పట్టి చూసినందుకు. హెర్ష్‌బాక్, లీ అయితే రెండు సన్నటి అణువుల ధారల్ని శూన్యంలో ఒకదానికొకటి అడ్డంగా పంపి, ముక్కలు ఏ కోణంలో ఎగిరిపోతున్నాయో కొలిచారు. మనం ఇక్కడ గోలీలు అంటున్నాం, వాళ్ళు నిజంగానే గోలీలు ఆడినారు.

తాడిపత్రి_క్లింకర్:

ఆలస్యంగా వచ్చినాను, నైట్ షిఫ్టు. సార్, నాది డిప్లొమా, సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ (రాయిని కాల్చే పెద్ద బట్టీ) దగ్గర పని. నా అనుమానం కూడా తీర్చండి. మేము సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గరికి తీసుకుపోతే అది కార్బన్ డయాక్సైడ్ వదిలి సున్నం అవుతుంది, ఆపైన 1450 దాకా పోతేనే క్లింకర్ (రుబ్బితే సిమెంటు అయ్యే గడ్డలు) కడుతుంది. క్లింకర్ సంగతి సరే, అక్కడ సున్నం, మట్టి కలవాలి. కానీ సున్నపురాయి ఒక్కటే విడిపోతోంది కదా, దాన్ని ఎవరు ఢీకొడుతున్నారు?

ఇంకోటి, ఇది ప్రశ్న కాదు, ఈ పాప కోసం చెబుతున్నా. మా దగ్గర రాయిని కిల్న్‌కి పంపేముందు ముఖానికి రాసుకునే పౌడర్‌లాగా రుబ్బుతాం. కరెంటు బిల్లులో పెద్ద వాటా రుబ్బడానిదే. ఎందుకంటే రాతి ముక్క లోపల ఉన్నది బయటిదాన్ని ఎట్ల కలుస్తుంది? కలిసేది పైపొర ఒక్కటే. ముక్కలు చేసేకొద్దీ పైపొర పెరుగుతుంది. బొగ్గు కూడా అంతే, గడ్డని పొయ్యిలో వేస్తే నిదానంగా కాలుతుంది, దాన్నే మెత్తగా పొడి చేసి గాలితో కలిపి ఊదితే భగ్గుమంటుంది. అందుకే బొగ్గు పొడి ఉండేచోట మాకు అంత జాగ్రత్త, నిప్పురవ్వ పడిందంటే పేలుడే. ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, తగులుకునే చోటు ఎంత ఉందన్నది కూడా చూసుకోవాలి.

అనంతపురం_పాత_లెక్చరర్:

నాయనా, నువ్వు రాసిన రెండో పేరా నా లెక్చరు కన్నా బాగుంది.

మొదటి దానికి జవాబు రెండు ముక్కల్లో. రాయిలో అణువులు ఎగిరి కొట్టుకోవు, ఉన్నచోటనే ఊగుతుంటాయి. పక్కపక్కవి ఒకదాన్నొకటి కుదుపుకుంటూ శక్తిని పంచుకుంటాయి, ఎక్కడో ఒకచోట కార్బొనేటుకి చాలినంత శక్తి పోగైతే అది విడిపోతుంది. అయితే నీ 900 డిగ్రీలు పూర్తిగా వేగానికి సంబంధించినది కాదు, జాగ్రత్త. అంతకన్నా తక్కువలో కార్బన్ డయాక్సైడ్ పీడనం వాతావరణ పీడనాన్ని అందుకోదు, పైన ఆ వాయువు నిండి ఉంటే వెళ్ళింది వెళ్ళినట్టే వెనక్కి వచ్చేస్తుంది. అది సమతాస్థితి సంగతి, అంటే ముందుకు పోయేదీ వెనక్కి వచ్చేదీ సమానమయ్యే చోటు. వేగం వేరు, ఎంతవరకు జరుగుతుంది అన్నది వేరు, ఈ రెండిటినీ కలిపేస్తే ఈ చాప్టరు ఎప్పటికీ అర్థం కాదు.

వాయువులో ఒంటరి అణువు విడిపోవడం గురించి కూడా 1920ల దాకా అందరూ తల గోక్కున్నారు. 1922లో లిండెమన్ తేల్చాడు. ముందు అది వేరే దేన్నో ఢీకొని శక్తిని పుంజుకుంటుంది, వెంటనే విడిపోదు. ఆ శక్తి లోపల తిరిగి తిరిగి బలహీనమైన బంధం దగ్గర చేరితే తెగుతుంది. ఈలోగా ఇంకోదానికి తగిలితే ఆ శక్తి కాస్తా పోతుంది, మామూలైపోతుంది. కాబట్టి ఒంటరి చర్య వెనక కూడా ఢీ ఉంది, తెర వెనక.

తుంగభద్ర_ఒడ్డు:

ఇంత మంది ఇంత ఓపికగా చెబుతారనుకోలేదు, అందరికీ థాంక్స్. పేపరు సంగతి నేనే చెబుతా సార్. గోడ బాగా ఎత్తు, 27 నుంచి 44 డిగ్రీలకు పోయినా ఆ గోడ ముందు అది లెక్కలోకే రాదు. అగ్గిపుల్ల పెడితే ఒక మూల వేడెక్కుతుంది, అక్కడ కాలినప్పుడు వచ్చిన వేడి పక్కదాన్ని గోడ దాటిస్తుంది, ఇక అదే సాగిపోతుంది. కరెక్టేనా?

మరి అగ్గిపుల్లని ఎవరు వెలిగించారు? అని మా తమ్ముడు అడుగుతున్నాడు, వాడు తొమ్మిది. ఇంకోటి, ఇంటికి సున్నం వేసేటప్పుడు మా తాత సున్నపు గడ్డల్ని తొట్టిలో నీళ్ళలో వేసేవాడు, బుసబుసమని ఉడికేది, పొగలు వచ్చేవి. దానికి ఎవరూ అగ్గిపుల్ల పెట్టలేదు. పెట్రోలు మాత్రం దానికన్నా ఎన్నో రెట్లు వేడి ఇస్తుంది కదా, అది క్యానులో బుద్ధిగా కూర్చుంటుంది. ఎక్కువ వేడి ఇచ్చేది కదా ముందు ఎగబడాలి?

అనంతపురం_పాత_లెక్చరర్:

కరెక్టే తల్లీ. మీ తాతగారి తొట్టి మంచి ఉదాహరణ, నేను ఇన్నేళ్ళలో వాడుకోలేదు చూడు. చర్యలో ఎంత వేడి వస్తుందన్నది కొండ అవతల లోయ ఎంత లోతుందన్న లెక్క. ఎంత వేగంగా జరుగుతుందన్నది ఇవతల ఎక్కాల్సిన ఎత్తు లెక్క. సున్నానికి ఎక్కేది చిన్న గట్టు, పెట్రోలుకి ఎక్కేది పెద్ద కొండ, అవతల దిగేది మాత్రం దానికి ఇంకా పెద్ద లోయ. లోయ ఎంత లోతున్నా, ఇవతల నిలబడ్డవాడికి అది కనిపించదు.

మీ తమ్ముడికి చెప్పు, అగ్గిపుల్లని వెలిగించింది నీ చెయ్యే అని. పెట్టె పక్కన ఉన్న పట్టీలో ఎర్ర భాస్వరం, గాజు పొడి ఉంటాయి. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. రుద్దినప్పుడు పుట్టిన వేడికి ఎర్ర భాస్వరంలో రవ్వంత తెల్ల భాస్వరంగా మారుతుంది, దాని గోడ చాలా చిన్నది, గాలి తగిలితే చాలు అంటుకుంటుంది. అది క్లోరేట్‌ని లేపుతుంది, క్లోరేట్ ఇచ్చిన ఆక్సిజన్‌తో తల మండుతుంది, తల పుల్లని అంటిస్తుంది. చిన్న గోడ దూకినవాడు పెద్ద గోడ దూకేవాడికి చెయ్యి ఇస్తూ పోతాడు.

కడప_ఫార్మసీ:

ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా చర్యని వేగం చేసేది) మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. ఇంట్లోనే చూడొచ్చు. మెడికల్ షాపులో గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. ఒక గాజు గ్లాసులో కొంచెం పోసి అందులో పచ్చి బంగాళాదుంప ముక్క వెయ్యి. నురగ పొంగుకొస్తుంది, అది ఆక్సిజన్. ఇంకో గ్లాసులో బాగా ఉడికించి చల్లార్చిన దుంప ముక్క వెయ్యి, ఉలుకూ పలుకూ ఉండదు. దుంపలో కెటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే దాని ఆకారం చెడిపోతుంది. గాయం మీద పోసినప్పుడు నురగ వచ్చేది కూడా ఇందుకే, మన రక్తంలోనూ అది ఉంది. షాపుకొచ్చేవాళ్ళు మాత్రం ఆ నురగ చూసి మందు బాగా పని చేస్తోందనుకుంటారు. కళ్ళకు తగలకుండా చూసుకో, దాన్ని వేడి మాత్రం చెయ్యకు.

పెరాక్సైడ్ తనంతట తాను విడిపోవాలంటే గోడ సుమారు 75 కిలోజౌల్స్. ఎంజైమ్ ఆ గోడని కూలగొట్టదు, చాలామంది అలాగే రాస్తారు. గోడ అలాగే ఉంటుంది. ఎంజైమ్ పక్కన ఇంకో దారి చూపిస్తుంది, ఆ దారిలో గోడ చాలా తక్కువ. పెరాక్సైడ్ అణువు ఇప్పుడు ఇంకో పెరాక్సైడ్‌తో కాకుండా ఎంజైమ్‌తో తగులుకుంటుంది, అది కూడా సరైన ముఖంతో కూర్చునేలా చోటు సిద్ధంగా ఉంటుంది. శక్తి, ఓరియెంటేషన్ రెండు తలనొప్పులూ ఒకేసారి పోయినట్టు.

తుంగభద్ర_ఒడ్డు:

అక్కా, చేశాను! పచ్చి ముక్క నురగ కక్కింది, ఉడికింది కదల్లేదు. అమ్మ కూరకు తెచ్చిన దుంపలు అయిపోయాయని తిట్టింది, పరవాలేదు.

కానీ సార్, ఇక్కడే నాకు మళ్ళీ చిక్కు పడింది. మీరు చూపించిన లెక్కే 75 కిలోజౌల్స్‌కి వేశాను. 75,000 బై 8.314 బై 300, 30.07. దాని మైనస్‌కి ఎక్స్‌పొనెన్షియల్ తీసి 700 కోట్లతో గుణిస్తే సెకనుకి 0.0006. అంటే ఒక అణువు సగటున 27 నిమిషాల్లో విడిపోవాలి. కానీ అక్క షాపులో ఆ సీసా నెలల తరబడి ఉంటుంది కదా! నా లెక్క ఎక్కడ తప్పింది?

అనంతపురం_పాత_లెక్చరర్:

తప్పలేదు. 27 నిమిషాలే వస్తుంది. తప్పు నాది, గాలికి వేసిన 700 కోట్లని నువ్వు సీసాలో నీళ్ళకి వాడేలా చేశాను.

సీసాలో ఎక్కువ భాగం నీళ్ళు. పెరాక్సైడ్ అణువు చుట్టూ ఉన్నవన్నీ నీటి అణువులే, దాన్ని రోజంతా కుదిపేది అవే. ఇంకో పెరాక్సైడ్ ఎదురుపడటం అరుదు. ఎదురుపడినా సరైన ముఖంతో తగలాలి, ఆ గుణకం మన లెక్కలో 1 అని పెట్టేశాం. ఆపైన కంపెనీవాళ్ళు చర్యని రేపే లోహపు అయాన్లు పని చెయ్యకుండా స్టెబిలైజర్ కలుపుతారు, వెలుతురు తగలకుండా ముదురు రంగు సీసాలో పోస్తారు. ఒక విశేషం ఉంది, ద్రవంలో రెండు అణువులు ఎదురుపడితే చుట్టూ ఉన్న గుంపు వాటిని వెంటనే విడిపోనివ్వదు, కాసేపు అక్కడే పదే పదే తగులుకుంటాయి. కిక్కిరిసిన బస్సులో మన పక్కనోడు మనకు పది స్టాపుల దాకా తగులుతూనే ఉన్నట్టు. కాబట్టి ద్రవానికి ఢీల లెక్క వేరేగా వెయ్యాలి, అది మీ సిలబసులో లేదు. డిగ్రీకి వచ్చాక అడుగు.

కడప_ఫార్మసీ:

మా షాపులో ఎండాకాలం ఆ సీసాలు గోడవైపు అరలో, చల్లగా ఉండేచోట పెడతాం. పాత సీసా మూత తీస్తే ఒక్కోసారి బుస్సుమంటుంది కూడా. అంటే అది రోజూ కొంచెం కొంచెం విడిపోతూనే ఉంది, మనకు కనిపించట్లేదంతే.

తాడిపత్రి_క్లింకర్:

పాపా, పరీక్షలో మాత్రం మూడూ రాయి. ఢీలు, శక్తి, ఓరియెంటేషన్. ఒక్కటి వదిలినా మార్కు కోస్తారు, నాకు కోసినారు.

గోలీసోడా:

నేను ఆ పెళ్ళి పోలికని వెనక్కి తీసుకుంటున్నా. అక్క సంబంధం కుదిరింది, ఉత్ప్రేరకం మా మేనత్త.